చేతులెత్తి తేల్చిన లెక్క

నలభై ఏళ్ళ పాటు ఆ బజారులో ఏ తక్కెడ నిజం చెబుతోందో, ఏది బొంకుతోందో తేల్చింది కాటా మేస్త్రి. కొట్టువాళ్ళ కాటాలు బాగుచెయ్యడం, అరిగిన తూకపురాళ్ళకు అడుగున సీసం పోసి సరిచెయ్యడం ఆయన పని. ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసి "సరే" అనేవాడు, లేకపోతే "కాదు" అనేవాడు. మూడో మాట ఆయన నోట విన్నవాళ్ళు తక్కువ. ఆ రెండు మాటల మీదే బజారంతా నడిచింది. తరువాత అంకెలు వెలిగే కరెంటు కాటాలు వచ్చాయి. అవి మొరాయిస్తే ఎవరూ బాగు చేయించరు, పారేసి కొత్తది తెచ్చుకుంటారు. మేస్త్రి ఆకురాయీ సుత్తీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాడు.

అలాంటి మనిషి పేరు పక్కన అరవై నాలుగో ఏట "చెల్లదు" అన్న మాట పడింది. ఎక్కడో చాటున కాదు, గ్రంథాలయంలో పదిమందీ చూసే తెర మీద, ఎర్రక్షరాల్లో.

దీనికి మూలం లైబ్రేరియన్ మేడమ్. పుస్తకాల జాబితా నడిపే చిన్న కంప్యూటరు ఆగిపోతే ఆవిడ దాన్ని సంచిలో వేసుకుని మేస్త్రి దగ్గరికి తెచ్చింది. చూస్తే చీట్లపేక ముక్కంత పచ్చటి పలక. పెట్టె లేదు, మూత లేదు, ఫోను ఛార్జరు తగిలిస్తే నడుస్తుంది. మేస్త్రి ఊడిన తీగ అతికించాడు. గదిలో బల్బు తినేంత కరెంటు కూడా అది తినదని విని, అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"పని లేనప్పుడు ఇదేం చేస్తుంది?"

"ఊరికే కూర్చుంటుంది, మనలాగే," అంది మేడమ్. "కావాలంటే దాని తీరుబడిని దానం చెయ్యొచ్చు."

ఎలాగో కూడా చెప్పింది. ఎక్కడో దూరాన కొందరు పరిశోధకులున్నారు. చెరువులకూ కాలువలకూ వేసిన మట్టికట్టల్లోకి నీరు ఎలా ఊరుతుందో, ఏ కట్ట ఎన్నో రోజున తెగుతుందో వాళ్ళు లెక్కగడుతున్నారు. ఒక్క యంత్రం మీద పెడితే ఆ లెక్కకు జవాబు చూసేది వాళ్ళ మునిమనవలే. అందుకని దాన్ని లక్షల ముక్కలు చేసి, ఇష్టపడి వచ్చినవాళ్ళ కంప్యూటర్లకు ఇంటర్నెట్‌లో పంచుతారు. ఎవరి ముక్క వాళ్ళు చేసి తిప్పి పంపాలి. జీతం లేదు. మార్కులు ఇస్తారు. మార్కులతో ఏమొస్తుందంటే, జాబితాలో పేరు ఒక మెట్టు పైకొస్తుంది. పైకొస్తే ఏమవుతుందంటే, ఇంకా పైనున్నవాడి పేరు కనిపిస్తుంది.

మార్కుల సంగతి మేస్త్రి చెవికెక్కలేదు. కట్ట నిలుస్తుందా తెగుతుందా అన్నది మాత్రం ఎక్కింది. అది కూడా తూకమే. ఒకవైపు నీరు, ఒకవైపు మట్టి. ఒకటొకటిగా అలాంటి పచ్చ పలకలే, ఆరు బోర్డులు కొన్నాడు. పాత రాళ్ళపెట్టె అడుగుచెక్క ఊడదీసి, దాని మీద ఆరింటినీ వరసగా మరలతో బిగించి ఇంటికి తెచ్చాడు.

"ఏంటది, మిణుగురు పురుగుల్లా?" అంది భార్య, కుట్టుమిషను ఆపకుండానే.

"లెక్కలు చేస్తుంది."

"మనకేమొస్తుంది?"

"మార్కులు."

"ఈ వయసులో మార్కులేంటి? ఏ క్లాసు తప్పారు?"

ఇంట్లో ఉన్నవి రెండే ప్లగ్గులు. ఒకటి కుట్టుమిషనుది, దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. రెండోది వెనక గోడకుంది.

"ఆ గోడ చెమ్మ," అన్నాడు మేస్త్రి.

మిషను ఆగింది. "ఏ చెమ్మ? మా తమ్ముడు దగ్గరుండి కట్టించిన గోడ!"

ఆ గోడ కథ ఇంట్లో తొమ్మిదేళ్ళ నాటిది. పైన నీళ్ళట్యాంకు, గోడా ఆవిడ తమ్ముడే నిలబడి కట్టించాడు. ఆరు నెలలు తిరగకుండా గోడ మీద అరచేతంత మచ్చ లేచింది. "చెమ్మ కాదక్కా, సున్నం రంగే అంత," అన్నాడు తమ్ముడు. అక్క ఒప్పుకుని మచ్చ మీద క్యాలెండరు తగిలించింది. మచ్చ పెరిగినకొద్దీ క్యాలెండరు సైజు పెరుగుతూ వచ్చింది. ఇప్పుడున్నది పెద్ద కంపెనీల ఆఫీసుల్లో వేలాడేంతది. నెలలు దూరం నుంచే కనిపిస్తాయి కాబట్టి పనికొచ్చిందని ఆవిడ వాదన.

మేస్త్రి చెక్క చంకన పెట్టుకుని గ్రంథాలయం వెనకగదికి వెళ్ళిపోయాడు. అక్కడ చిరిగిన అట్టల పుస్తకాల పక్కన బల్ల మీద ఆరు పచ్చదీపాలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి దుమ్ము ఊదేవాడు. ఒక్కో ముక్క చెయ్యడానికి ఒక్కో బోర్డుకు రోజున్నర పట్టేది. ఆయనకు తొందరేమీ లేదు. ముల్లు నిలిచేదాకా ఆగడం అలవాటైన మనిషి.

తొందర ఉన్నది బావమరిదికి.

ఆయనకు కంప్యూటర్ కోచింగ్ సెంటరు ఉంది. మూడు నెలల కోర్సు ముప్ఫై రోజుల్లో చెబుతాడని ఊళ్ళో "స్పీడు" అని పేరు. సెంటర్లో ఇరవై పెద్ద కంప్యూటర్లు. ఒకరోజు అక్కను చూడ్డానికి వచ్చినప్పుడు బావ చేస్తున్న పని సంగతి విని, లెక్క ఏమిటని అడగకుండా, జాబితాలో జట్లకు ర్యాంకులుంటాయా అని అడిగాడు. ఉంటాయని తెలిసిన వారానికల్లా "విశ్వగణన సేవా సంఘం" పుట్టింది. పుట్టినరోజే దానికి అధ్యక్షుడు, రబ్బరుముద్ర, గ్రంథాలయం హాల్లో గాజుబీరువా అమిరాయి. అధ్యక్షుడు స్పీడే. బీరువాలో రెండు కంప్యూటర్లకు రంగుదీపాలు పెట్టి తాళం వేశాడు. ఇంట్లో కంప్యూటరున్న కిరాణా కొట్టాయన, ఉల్లిపాయల కొట్టాయన, ఇంకో పద్దెనిమిదిమంది సభ్యులయ్యారు. మేస్త్రిని అడగకుండానే ఆయన పేరూ రాసేశారు.

రెండు నెలల్లో సంఘం జాబితాలో మూడో మెట్టుకు ఎగబాకింది. దానికో కిటుకుంది. స్పీడు ఎక్కడి నుంచో ఒక మార్పు చేసిన ప్రోగ్రాం సంపాదించాడు. దానికి "రెక్కలు" అని తనే పేరు పెట్టాడు. గంట పట్టే ముక్క పది నిమిషాల్లో తేలిపోతుంది. అందరి యంత్రాల్లోనూ వేయించాడు. బావ దగ్గరికీ వచ్చాడు.

"ఎలా చేస్తుంది అంత వేగంగా?" అన్నాడు మేస్త్రి.

"చివరి నాలుగంకెలు వదిలేస్తుంది బావా. అయినా పాయింటు తరువాత పదో అంకె ఎవడికి కావాలి చెప్పు? కట్టకా, నీటికా?"

"వద్దు," అన్నాడు మేస్త్రి.

"నీ చెక్క రోజున్నర తీసుకుంటే సంఘం పరువేం కాను?"

మేస్త్రి దుమ్ము ఊదుకున్నాడు.

ఆ తరువాతే ఎర్రక్షరాలు పడ్డాయి. పరిశోధకుల పద్ధతి ఇది: ఒకే ముక్కను ఇద్దరికి పంపుతారు. ఇద్దరి జవాబులూ కలిస్తే రెండూ చెల్లుతాయి. కలవకపోతే అదే ముక్కను మూడోవాడికి పంపుతారు. అప్పుడు ఏ ఇద్దరివి కలిస్తే వాళ్ళది చెల్లు, మిగిలినవాడిది చెల్లదు. ఆ ప్రాజెక్టులో చేరినవాళ్ళే కొద్దిమంది. వాళ్ళ యంత్రాల్లో సగం ఈ సంఘానివే. మేస్త్రి చేసిన ముక్క కిరాణా కొట్టాయనకు కూడా వెళ్ళింది. కలవలేదు. మూడోసారి ఉల్లిపాయల కొట్టాయనకు వెళ్ళింది. ఆ ఇద్దరివీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. ఇద్దరికీ రెక్కలే మరి.

మేస్త్రి జవాబు ప్రకారం ఆ కట్టకు పదకొండో రోజున అవతలివైపు నీరు తేలుతుంది, పన్నెండో రోజున తెగుతుంది. ఆ ఇద్దరి ప్రకారం ఎప్పటికీ తెగదు.

మేస్త్రి ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. మర్నాడు అదే ముక్కను ఆరు బోర్డుల మీదా విడివిడిగా చేయించాడు. తూచినదాన్ని పళ్ళెం మార్చి మళ్ళీ తూచడం ఆయన పాత పద్ధతి. కాటా దొంగదైతే అక్కడే దొరుకుతుంది. ఆరు జవాబులూ చివరి అంకెదాకా ఒక్కటే. అయినా తృప్తి లేదు. పరిశోధకులు ముందే జవాబు తెలిసిన పరీక్షలెక్క ఒకటి పేజీలో పెట్టి ఉంచారు. అదీ చేయించాడు. సరిపోయింది.

బావమరిదిని పిలిచి, "ఈ పరీక్షలెక్క మీ రెక్కలతో చెయ్యి," అన్నాడు.

"మార్కులు రాని లెక్క చేసేంత తీరుబడి సంఘానికి లేదు బావా," అన్నాడు స్పీడు. "వచ్చే ఆదివారం పత్రికవాళ్ళు వస్తున్నారు, ఫొటోలు తీస్తారు. నీ ఎర్రక్షరాలు తెర మీద కనిపిస్తే బావుండదు. రెక్కలైనా తగిలించు, చెక్కయినా తీసెయ్. సంఘం సమావేశం పెడుతున్నాను, వాళ్ళనే తేల్చమందాం."

సమావేశానికి మేస్త్రి సంచి పట్టుకుని వచ్చాడు. అందులోంచి పాత చేతికాటా తీసి, హాల్లో కిటికీ కొక్కేనికి తగిలించాడు. అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. కిరాణా కొట్టాయన వైపు తిరిగి, "మీ కిలోరాయి తెప్పించండి," అన్నాడు. ఉల్లిపాయల కొట్టాయనకూ అదే చెప్పాడు. కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి ఇద్దరూ పాతరాళ్ళు దాచుకున్నారు. రోడ్డు దాటితే కొట్లే కాబట్టి వెంటనే వచ్చాయి.

రెండు రాళ్ళూ రెండు పళ్ళేల్లో పెట్టాడు. ముల్లు నిటారుగా నిలిచింది.

"భేష్," అన్నాడు కిరాణా కొట్టాయన.

మేస్త్రి ఒక రాయి తీసి, దాని స్థానంలో సంచిలోంచి తన కిలోరాయి పెట్టాడు. మేస్త్రి పళ్ళెం బెత్తెడు దిగింది. రెండోదానితో పెట్టి చూశాడు. మళ్ళీ దిగింది.

"చూశారా! తేడా ఎవరిదో కనిపిస్తూనే ఉంది," అన్నాడు ఉల్లిపాయల కొట్టాయన. "మా రెండూ కలిశాయి. మీదే కలవట్లేదు."

మేస్త్రి సంచిలోంచి ఒకే బరువున్న రెండు ఇత్తడి డబ్బాలు తీశాడు. ఒకటి లీటరు కొలత. దాన్ని కుళాయి నీళ్ళతో అంచుదాకా నింపి ఒక పళ్ళెంలో, ఖాళీది రెండో పళ్ళెంలో పెట్టాడు. లీటరు నీళ్ళు కిలో తూగుతాయని మూడో తరగతి చదివినవాళ్ళందరికీ తెలుసు. ఖాళీ డబ్బాలో మేస్త్రి తన రాయి వేశాడు. ముల్లు నిటారు. ఆ రాయి తీసి కిరాణా కొట్టాయన రాయి వేశాడు. రాయి పైకి లేచింది. నీళ్ళు దిగాయి. ఉల్లిపాయల రాయి వేశాడు. నీళ్ళు దిగాయి.

ఆ హాల్లో ఉన్నవాళ్ళందరూ ఆ రెండు కొట్లలోనే సరుకులు తెచ్చుకుంటారు. ఆ రెండు రాళ్ళకూ అడుగున సీసం పోసి ముద్ర వేసింది మేస్త్రే. ఆయన ఇంట్లో కూర్చున్నాక ఆ సీసం ఎవరో ఒకే చేత్తో తవ్వి తీసినట్టుంది, రెంటికీ సరిసమానంగా.

ముందు తేరుకున్నది కిరాణా కొట్టాయన. "ఈ కుళాయి నీళ్ళు బరువెక్కువ. అందరికీ తెలిసిందే. మా ఇంట్లో గిన్నెలకు తెల్లగా పొర కడుతుంది."

"అవునవును, ఉప్పు," అన్నారు ఇద్దరు ముగ్గురు, ఊపిరి పీల్చుకుని.

"బావా, కాటాలకీ కంప్యూటర్లకీ సంబంధమేంటి?" అని స్పీడు లేచాడు. "సంఘమన్నాక పద్ధతుంటుంది. మూడు జవాబుల్లో రెండు కలిశాయి. మూడు రాళ్ళల్లో రెండు కలిశాయి. ఇంకా అనుమానముంటే తేల్చేద్దాం. మేస్త్రిగారి లెక్క తప్పని ఎంతమంది అంటారు? చేతులెత్తండి."

పంతొమ్మిది చేతులు లేచాయి. ఇంకొకాయన చెయ్యి లేవలేదు గానీ, ఆయన కునుకు తీస్తున్నాడు. పక్కాయన లేపి ఎత్తించాడు.

"నీళ్ళకు ఓటు లేదా?" అంది లైబ్రేరియన్ మేడమ్, తలుపు దగ్గర నిలబడి.

ఎవరూ వినిపించుకోలేదు. చెక్క తొలగించాలని తీర్మానం రాసి రబ్బరుముద్ర కొట్టారు.

"తొలగించండి," అంది మేడమ్. "కానీ ఈ గదుల్లోంచి ఏ వస్తువు కదపాలన్నా మూడు వారాల నోటీసివ్వాలి. పాత రూలు. ఆ నోటీసు బోర్డు మీద అంటించేది నేనే. జిగురు అయిపోయింది, రేపు కొంటాను."

పత్రికవాళ్ళు వచ్చిన రోజున వెనకగది తలుపు మీద తెర దించారు. గాజుబీరువా రంగుదీపాల ముందు స్పీడు చేతులు కట్టుకుని నిలబడి ఫొటో దిగాడు. "ఎన్నో కట్టలను కాపాడుతున్న మన సంఘం" అని వార్త వచ్చింది. ఏ కట్టో విలేఖరీ అడగలేదు, అధ్యక్షుడూ చెప్పలేదు.

ఇంట్లో భార్య ఆ పేపరు ముక్క కత్తిరించి దాచింది. "మా వాడు పేపర్లో పడ్డాడు. మీరెందుకు పడలేదు?" అంది.

"నాది తప్పన్నారు."

"మీదా?" అని ఆవిడ సూది ఆపింది. ఆయన ముఖంలోకి చూసి మళ్ళీ కుట్టసాగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయనతో ఎన్నో గొడవలు పడింది గానీ, ఆయన తూకం తప్పిందని మాత్రం ఎప్పుడూ అనలేదు. బజారు ఇప్పుడు అంటోంది. అందులో ముందున్నది తన తమ్ముడు.

మేస్త్రి మర్నాడు మేడమ్ చేత పరిశోధకులకు ఉత్తరం రాయించాడు. ఆయన చెప్పింది ఇంతే:

"ముక్క నంబరు ఇది. నా జవాబు ఇది. ఆరు బోర్డుల మీద విడివిడిగా చేశాను, ఆరూ ఒకటే. మీ పరీక్షలెక్క చేశాను, సరిపోయింది. ఎదుటి రెండు జవాబుల్లో చివరి నాలుగంకెలు సున్నాలు. రాళ్ళు అరిగాయి. చూడండి."

మేడమ్ దాన్ని వాళ్ళ భాషలోకి మార్చి పంపింది. "రాళ్ళు అరిగాయి" దగ్గర కాసేపు ఆగింది గానీ, ఆయన కొట్టెయ్యనివ్వలేదు.

నోటీసు అంటించిన పంతొమ్మిదో రోజున, గడువు తీరకముందే జవాబు వచ్చింది. మేడమ్ చదివి చెప్పింది. "మీరు ప్రస్తావించిన రాళ్ళు ఏవో మాకు అర్థం కాలేదు. కానీ మా దగ్గర స్వయంగా చేసి చూశాం. కట్ట పన్నెండో రోజున తెగుతుంది. మీ జవాబే సరైనది. మీ సంఘం యంత్రాలు పంపిన ఫలితాలన్నీ, మీ ఆరు బోర్డులవి తప్ప, రద్దు చేసి మళ్ళీ లెక్కిస్తున్నాం."

మేస్త్రి లేచి వెళ్ళి తెర చూశాడు. తన పేరు పక్కన ఎర్రక్షరాలు లేవు. మొదటిసారిగా మార్కులు కూడా చూశాడు. సంఘానికున్న పదకొండు లక్షలు పోయి ఆరువేల చిల్లర మిగిలాయి. అవన్నీ ఆయనవే. సంఘం మూడో మెట్టు నుంచి జారి ఆఖరి మెట్టుకు ఒక్క మెట్టు పైన ఆగింది. ఆఖరున ఉన్నది ఎప్పుడో మూతపడ్డ ఒక బడి జట్టు.

అత్యవసర సమావేశం పెట్టారు. స్పీడు ఉత్తరం చేతిలో పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుని, "మీ జవాబే సరైనది అని మన సంఘానికి పరిశోధకులు రాశారు," అని చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"మిగతాది?" అంది మేడమ్.

"మిగతాది సాంకేతికం." ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మిత్రులారా, మన బావగారి ప్రతిభ ప్రపంచం గుర్తించింది. ఈ చెక్క ఇక వెనకగదిలో ఉండాల్సింది కాదు. గాజుబీరువాలో పెడదాం, రంగుదీపాలు వేద్దాం. బావగారిని గౌరవ సలహాదారుగా వేసుకుందాం. పోయిన మార్కులు నెలాఖరుకు తిరిగి రావాలంటే ఈ ఆరింటికి కూడా రెక్కలు తగిలిద్దాం. నమ్మకమున్న యంత్రాలు కదా, వీటి మాట మీద మనందరివీ చెల్లుతాయి!"

"మేస్త్రిగారి మాటంటే మాటే," అన్నాడు కిరాణా కొట్టాయన. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను."

"చేతులెత్తండి."

ఇరవై చేతులూ లేచాయి. కునుకు తీసే ఆయన కూడా ఈసారి ఎవరూ లేపకుండానే ఎత్తాడు.

మేస్త్రి లేచి వెనకగదిలోకి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది కాబట్టి అందరికీ కనిపిస్తూనే ఉంది. బోర్డుల్ని ఒక్కొక్కటిగా పద్ధతిగా ఆపాడు. ఒక పచ్చదీపం ఆరేదాకా ఆగి రెండోదాని దగ్గరికి వెళ్ళాడు. ఆరో దీపం ఆరేసరికి చాలాసేపు పట్టింది. ఎత్తిన చేతులు దించాలో వద్దో తెలియక కొందరు అలాగే ఉన్నారు. మేస్త్రి వైర్లు చుట్టి, చెక్క చంకన పెట్టుకుని, హాలు మధ్య నుంచి నడిచాడు.

"బావా, తీర్మానం అయిపోయింది!" అన్నాడు స్పీడు.

"కాదు," అన్నాడు మేస్త్రి. అలవాటైన రెండు మాటల్లో ఒకటి.

ఇంటికి వెళ్ళేసరికి భార్యకు సంగతి అప్పటికే తెలిసిపోయింది. మిషను మీద ఒక చొక్కా సగంలో ఉంది. చెక్క వైపు చూసింది.

"మీ నోటితో చెప్పండి, ఏమని తేలింది?"

"కట్ట తెగుతుంది. పన్నెండో రోజున."

"మా వాడి లెక్కలో?"

"తెగదు."

ఆవిడ చొక్కాకు ఒక కుట్టు వేసింది. మేస్త్రి చెక్క పట్టుకుని వెనకగోడ దగ్గరికి నడిచి, క్యాలెండరు కిందున్న ప్లగ్గు కోసం వంగాడు.

"అక్కడ కాదు," అంది భార్య.

లేచి వచ్చి కుట్టుమిషను తీగ లాగేసి, ఆ ప్లగ్గు ఖాళీ చేసింది. తరువాత స్టూలు తెచ్చుకుని ఎక్కి, ఆ పెద్ద క్యాలెండరు మేకు మీంచి తీసి, చుట్టి, మూలన నిలబెట్టింది. గోడ మీద మచ్చ దేశపటంలా విప్పారి ఉంది. అంచుల్లో పెచ్చులు లేచాయి, నడుమ నీరు సన్నగా మెరుస్తోంది. ఆవిడ దాని మీద అరచెయ్యి పెట్టి తీసి, చెయ్యి చీరకు తుడుచుకుంది.

"ఆ చెక్క ఈ గోడకి ఆనించకండి," అంది. "చెమ్మ."

"సరే," అన్నాడు మేస్త్రి.